తెరచాప పడవలో పిల్లలతో ఒక పగలు: దీవి దాకా వెళ్లాలా?

ప్రశ్న: మావారు తెరచాప పడవ నడపడంలో శిక్షణ పూర్తి చేసుకున్నారు. ఎనిమిది మీటర్ల పడవను ఒక రోజుకు అద్దెకు తీసుకుని నన్నూ, మా తొమ్మిదేళ్ల బాబునూ, నాలుగేళ్ల పాపనూ పన్నెండు నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న ఒక దీవికి తీసుకెళ్లి సాయంత్రానికల్లా తీసుకొస్తానంటున్నారు. నాకు పడవ పని ఏమీ తెలియదు. బాబుకు కారు ప్రయాణంలోనే వాంతులవుతాయి. పాప ఒక్కచోట కుదురుగా కూర్చోదు. వద్దంటే పిరికితనమనుకుంటారేమోనని నోరు విప్పలేకపోతున్నాను. మేము వెళ్లవచ్చా? వెళ్తే ఏమేమి చూసుకోవాలి?

సమాధానం: తప్పకుండా వెళ్లండి. అయితే మొదటిసారి ఆ దీవికి వద్దు.

ఎందుకు వద్దంటున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఎనిమిది మీటర్ల తెరచాప పడవ, గాలి బాగున్న రోజున, గంటకు నాలుగు నుంచి ఐదు నాటికల్ మైళ్లు సాగుతుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఆ వేగంతో పన్నెండు మైళ్లు రెండున్నర, మూడు గంటల్లో పూర్తవుతాయనిపిస్తుంది. కాని తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు వెళ్లలేదు; గాలి వచ్చే దిక్కుకు దాదాపు 45 డిగ్రీలు ఒక పక్కకు తిరిగి కొంతదూరం, ఆ తర్వాత రెండో పక్కకు తిరిగి కొంతదూరం, ఇలా మెలికలు వేసుకుంటూ పోవాలి. అప్పుడు పన్నెండు మైళ్ల దారి పదిహేడు మైళ్లవుతుంది. రానూ పోనూ ప్రయాణంలో ఏదో ఒక వైపు ఎదురుగాలి తగిలే అవకాశమే ఎక్కువ గనుక, నీటి మీదే ఆరు గంటలు దాటుతాయి. దీవి మీద దిగి గడిపే సమయం, మధ్యలో గాలి పడిపోయి పడవ నిలిచిపోయే సమయం ఇందులో కలపలేదు. అంతసేపు ఒక చిన్న గది వైశాల్యంలో నాలుగేళ్ల పాపను కూర్చోబెట్టగలిగిన తల్లిదండ్రులు నాకైతే ఇంతవరకు తారసపడలేదు.

పిల్లలతో మొదటిసారి వెళ్లేటప్పుడు రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు చాలు. బయలుదేరిన రేవు కంటికి కనిపిస్తూ ఉండాలి, ఏ క్షణాన వెనక్కి మళ్లినా గంటలోపు ఒడ్డు చేరగలగాలి. మధ్యలో అలలు తగలని ఏదైనా మూలలో లంగరు వేసి, అక్కడే తిని, కాసేపు నీళ్లలో చేతులు ఆడించుకుని తిరిగి వస్తే ఆ వయసు పిల్లలకు అదే పెద్ద ప్రయాణం. పిల్లలు "ఇంకాసేపు ఉందాం" అంటున్నప్పుడే ఒడ్డుకు చేరితే వచ్చేసారి వాళ్లే మిమ్మల్ని లాక్కెళతారు. ఏడ్చి, అలిసి, చలికి వణికి ఇంటికి చేరిన పిల్లలు మళ్లీ పడవ పేరెత్తనివ్వరు. దీవి ఎక్కడికీ పోదు, ఇలాంటి చిన్న ప్రయాణాలు కొన్ని అయ్యాక దాని సంగతి చూడవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నింటికన్నా ఆలోచింపజేసిన మాట, మీకు పడవ పని తెలియదన్నది. అది లోపమేమీ కాదు. అయితే మీవారు తన లెక్కలో మిమ్మల్ని సగం నావికురాలిగా కలుపుకున్నారేమో ముందు తెలుసుకోవాలి. పడవ దిశ మార్చే సమయంలో జరిగే పని చూడండి: ఒకరు చుక్కాని పిడిని తిప్పాలి, ముందు తెరచాపను ఒక పక్క తాడు వదిలి రెండో పక్క తాడుతో బిగించాలి, బూమ్ అనే అడ్డదూలం తలల మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు మారుతుంది, పడవ ఒరిగే వైపు కూడా మారుతుంది. ఇదంతా అర నిమిషంలో జరగాలి. సరిగ్గా అప్పుడే పాప లేచి నిలబడి, తన బొమ్మ కింద పడిందని దాని వెనకే వంగుతుంది. మీ చేతిలో తాడు ఉంటే ఏం చేస్తారు? తాడు వదిలితే తెరచాప అదుపు తప్పుతుంది, పట్టుకుంటే పాప అదుపు తప్పుతుంది.

అందుకే మీవారు ఆ పడవ మీద తాను ఒంటరిగా ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. తెరచాప ఎత్తడం, దించడం, దిశ మార్చడం, లంగరు వేయడం, రేవుకు చేర్చి కట్టడం, వీటన్నింటినీ మరొకరి చేయి లేకుండా చేయగలిగిన వారికి మాత్రమే ఇద్దరు పిల్లలను, పని తెలియని ఒక మనిషిని ఎక్కించుకుని వెళ్లే అర్హత ఉంటుంది. చేయగలరో లేదో ఊహించుకోనక్కరలేదు. పిల్లలు లేకుండా ఒక పూట మీరిద్దరే వెళ్లండి, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి, అన్నీ వారే చేయాలి. తడబాటు కనిపిస్తే పిల్లలతో వెళ్లే రోజున పడవ పని వచ్చిన మూడో మనిషిని వెంట తీసుకువెళ్లండి. అలా చేస్తే మీవారి గౌరవానికి ఏ కొరతా రాదు. ఎంతో అనుభవమున్న నావికులు కూడా పిల్లలున్నప్పుడు ఒక చేయి ఎక్కువే ఉండేటట్టు చూసుకుంటారు.

లైఫ్ జాకెట్ల గురించి కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే అద్దె పడవల్లో తరచుగా పెద్దల జాకెట్లే ఉంటాయి, పిల్లలకు వాటినే తగిలించి తాళ్లు బిగిస్తారు. పెద్దల జాకెట్ వేసుకున్న పిల్ల నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల అందులోంచి కిందికి జారుతుంది. పిల్లల జాకెట్లను వాళ్ల బరువును బట్టి తయారు చేస్తారు. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు అన్నది దాని మీదే ముద్రించి ఉంటుంది. అలాగే 50, 100, 150 వంటి అంకెలు కూడా ఉంటాయి. అవి జాకెట్ మనిషిని ఎంత బలంగా పైకి లేపి ఉంచుతుందో న్యూటన్లలో చెప్పే కొలతలు. 50 అని ఉన్నది ఈత బాగా వచ్చి, సాయం దగ్గరలోనే ఉన్నవారి కోసం ఉద్దేశించినది. అది మనిషిని తేల్చుతుందే గాని బోర్లా పడినవారి ముఖాన్ని ఆకాశం వైపు తిప్పుతుందని నమ్మడానికి లేదు. ఆ పనికోసం రూపొందించినవి 100, అంతకు పైన ఉన్నవి. మీ పాపకు, ఈత ఎంత బాగా వచ్చినా మీ బాబుకు కూడా, 100 ఉన్న జాకెట్టే తీసుకోండి. మెడ వెనక నురుగుతో నింపిన పట్టీ, తలను నీటి పైన ఉంచడానికి. ఆ పట్టీకే ఒక పిడి, నీళ్లలోంచి పట్టుకుని లాగడానికి. కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు, జాకెట్ పైకి జారకుండా. ఈ మూడూ లేనిదాన్ని పాపకు వేయకండి. గాలి నిండి ఉబ్బే రకం జాకెట్లు చిన్నపిల్లలకు పనికిరావు. చేతులకు తొడిగే గాలి తిత్తులు ఆటవస్తువులు, వాటిని ఇంట్లోనే వదిలేయండి.

జాకెట్ సరిపోయిందో లేదో తెలుసుకునే పద్ధతి ఇది. పాపకు జాకెట్ తొడిగి, ముందరి పట్టీలను, కాళ్ల మధ్య బెల్టును బిగించండి. పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, జాకెట్ భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకి లేపండి. పాప గడ్డమూ చెవులూ జాకెట్‌లోకి మునిగిపోతే అది పెద్దదన్నమాట. జాకెట్‌తో పాటు పాప కూడా లేస్తే సరిపోయినట్టు. "వచ్చే ఏడాదికీ పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనడం బట్టల విషయంలో చెల్లుతుందేమో గాని ఇక్కడ చెల్లదు. కొన్నాక, ప్రయాణానికి కొన్ని రోజుల ముందే, నడుము లోతు నీళ్లలో మీరు పక్కన ఉండి ఇద్దరినీ జాకెట్‌తో తేలనివ్వండి. జాకెట్ తమను వెల్లకిలా తిప్పడం, ముఖం మీద నీళ్లు చిందడం, కాళ్లు నేలకు అందకపోవడం అప్పటికే తెలిసి ఉన్న పిల్లలు నిజంగా పడినప్పుడు అంతగా బెదిరిపోరు.

జాకెట్‌ను రేవు మీద అడుగు పెట్టే ముందే తొడిగి, తిరిగి రేవు దాటాకే తీయాలి. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పడవకూ రేవుకూ మధ్య ఉన్న సందులోకి జారిపడే ప్రమాదం నడిసముద్రంలో ఉన్న ప్రమాదానికి తక్కువేమీ కాదు. మీరూ, మీవారూ కూడా వేసుకోండి. పిల్లలు చూసి నేర్చుకుంటారన్నది ఒక కారణమైతే, నీళ్లలో పడిన తండ్రిని పైకి లాగవలసింది పడవ పని తెలియని తల్లి అన్నది అంతకన్నా పెద్ద కారణం.

కుదురుగా కూర్చోని పాప కోసం మరో ఏర్పాటు ఉంది. ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి పొట్టి తాడు తగిలించి, ఆ తాడు రెండో కొసను కూర్చునే చోట గట్టిగా బిగించిన కొక్కేనికి వేస్తారు. పాప ఎంత సాగినా పడవ అంచు మీదుగా వాలలేనంత పొట్టిగా ఆ తాడు ఉండాలి. మీరు తీసుకునే పడవకు అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉంటే ఇది మంచి ఏర్పాటే. తిరగబడే అవకాశమున్న చిన్న పడవల్లో మాత్రం పిల్లలను ఎప్పుడూ కట్టకూడదు, పడవ బోర్లా పడితే ఆ తాడే వాళ్లను కింద పట్టి ఉంచుతుంది.

కీల్ మాట వచ్చింది గనుక, పడవ ఒరగడం గురించి కూడా చెబుతాను, పిల్లలను భయపెట్టేది అదే. గాలి పట్టిన తెరచాప పడవను ఒక పక్కకు వంచుతుంది. ఒక వైపు అంచు నీటి దగ్గరికి దిగుతుంది, రెండో వైపు పైకి లేస్తుంది, బల్ల మీద ఉన్నవన్నీ జారతాయి. ముందుగా చెప్పి ఉంచకపోతే పిల్లలు పడవ మునిగిపోతోందనుకుంటారు. అడుగున బరువుండి ఎంత తోసినా లేచి నిలబడే బొమ్మ ఇంట్లో ఉంటే బయలుదేరే ముందే దాన్ని చూపించి చెప్పండి: పడవ ఒరిగేకొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గుతుంది, కింద ఉన్న కీల్ బరువు దాన్ని నిలబెట్టే బలం పెరుగుతుంది. మీ బాబు వయసుకు ఈ వివరణ చక్కగా అర్థమవుతుంది, చెల్లెలికి వాడే చెబుతాడు. ఎంత వివరించినా మరీ ఒరిగితే భయం భయమే గనుక, ఆ రోజు మీవారు వేగం మీద మోజు పక్కన పెట్టి, పెద్ద తెరచాపను కొంత మడిచి కట్టి చిన్నది చేయాలి. నావికులు దీన్ని రీఫ్ కట్టడం అంటారు. గాలి పెరిగాక కట్టడం ఒంటరి మనిషికి కష్టం. రేవులోనే కట్టుకుని బయలుదేరడం మేలు.

గాలి ఎంత ఉంటే వెళ్లవచ్చు? 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ రూపొందించిన కొలమానం పేరుతోనే నేటికీ గాలి బలాన్ని అంచెలుగా చెబుతున్నారు. అందులో రెండో అంచె, మూడో అంచె, అంటే 4 నుంచి 10 నాట్ల గాలి మీకు సరిపోతుంది. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం. నాలుగో అంచె 11 నాట్లతో మొదలవుతుంది, అలల తలల మీద తెల్లటి నురుగు తరచుగా కనిపిస్తుంది. అది అనుభవజ్ఞులకు ఉత్సాహం, మీ పిల్లలకు మాత్రం ఇప్పుడే వద్దు. వాతావరణ సూచనలో సగటు గాలితో పాటు ఒక్కసారిగా విసిరే గాలి వేగాన్ని కూడా చూడాలి. ఉరుముల సూచన ఉంటే ఆ రోజు మానుకోవడమే. సముద్ర తీరాల్లో ఎండకు నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేవగా, సముద్రం మీది చల్లటి గాలి లోపలికి వీస్తుంది. ఇది పొద్దెక్కేకొద్దీ పెరిగి మధ్యాహ్నం తర్వాత బలంగా ఉంటుంది. అందువల్ల ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడం పిల్లలకు అన్ని విధాలా మంచిది.

ఇందులో కొత్తవారిని మోసం చేసే విషయం ఒకటుంది. గాలి వీచే దిక్కుకే పడవ పోతున్నప్పుడు గాలి ఉన్నట్టే తెలియదు. 12 నాట్ల గాలిలో, 5 నాట్ల వేగంతో గాలి వాలుకు పోయే పడవ మీద కూర్చున్నవారికి తగిలేది 7 నాట్లే. ఎండ వెచ్చగా ఉంటుంది, పడవ నిటారుగా ఉంటుంది, అందరూ చొక్కాలు వదులు చేసుకుంటారు. తిరుగు ప్రయాణానికి గాలి వైపు మళ్లగానే అదే గాలి ఒంటికి దాదాపు 16 నాట్లుగా తగులుతుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక తెరచాప మీద పడే బలం ఐదింతలవుతుంది. పడవ ఒరుగుతుంది, నీళ్లు ముఖాల మీద చిందుతాయి, చలి పుడుతుంది, అంతసేపూ నవ్విన పాప ఏడుపు లంకించుకుంటుంది. అప్పటికి ఒడ్డు దూరంగా ఉంటుంది, పైగా మెలికల దారి. అందువల్ల బయలుదేరగానే ముందు గాలికి ఎదురుగా పోవాలి, అలిసిపోయిన పిల్లలతో తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోయాలి. మీవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆ రోజు గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని దారి నిర్ణయించమని మాత్రం అడగండి.

వెనక గాలితో వచ్చేటప్పుడు బూమ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. గాలి పడవ వెనక భాగాన్ని దాటి రెండో పక్కకు మారితే బూమ్ ఒక్కసారిగా అటు నుంచి ఇటు విసురుగా వస్తుంది, తలకు తగిలితే ప్రాణాపాయం. నేరుగా గాలి వాలుకు కాకుండా కాస్త ఏటవాలుగా పోతే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. పిల్లల వరకు నియమం ఒక్కటే చాలు: "తిరుగుతున్నాం" అన్న కేక వినగానే ఇద్దరూ కూర్చునే చోటి నేల మీద చతికిలబడాలి. ఒడ్డు మీద దీన్ని ఆటగా ఆడించండి, పడవ మీద ఆలోచన అక్కరలేకుండానే జరుగుతుంది. తాళ్లను చుట్టి బిగించే వించ్ దగ్గరికి, నేల మీద చుట్టలుగా పడి ఉన్న తాళ్ల మధ్యలోకి చిన్న వేళ్లూ కాళ్లూ పోకూడదు. ఇంజన్ నడుస్తున్నంతసేపు వెనక మెట్ల మీద ఎవరూ కూర్చోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, కిందనే ప్రొపెల్లర్ కూడా తిరుగుతుంటుంది.

మీ బాబు వాంతుల విషయానికి వస్తే, కారులో కడుపు తిప్పే పిల్లలకు పడవలోనూ తిప్పవచ్చు. కళ్లు ఒకటి చెబుతుంటే లోపలి చెవిలోని సమతౌల్య అవయవం మరొకటి చెప్పడం వల్ల కలిగే తికమక అది. రెండేళ్ల లోపు పిల్లల్లో అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. అంటే పాపకూ రావచ్చు. బాబును పడవ మధ్యభాగానికి దగ్గరగా, బయట గాలిలో, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత కనిపించేలా కూర్చోబెట్టండి. లోపలి గదిలోకి పంపకండి, పుస్తకమూ ఫోనూ ఇవ్వకండి. ఉదయం కడుపు ఖాళీగానూ, నూనె పదార్థాలతో బరువుగానూ ఉండకూడదు.

వాంతికి చాలా ముందే గుర్తులు కనిపిస్తాయి. అప్పటిదాకా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసిన పిల్లవాడు మాట మానేస్తాడు. ఆవలిస్తాడు. పెదవుల చుట్టూ రంగు తగ్గుతుంది, ఉమ్మి మాటిమాటికీ మింగుతాడు. అడిగితే "ఏం లేదు" అంటాడు. అప్పుడే చుక్కాని పిడి వాడి చేతికివ్వమని మీవారికి చెప్పండి. పడవ ఎటు కదలబోతోందో నడిపేవారికి ఒక క్షణం ముందే తెలుస్తుంది గనుక మెదడుకు తికమక తగ్గుతుంది, కళ్లు కూడా వాటంతటవే దూరానికి నిలుస్తాయి. మందు ఇవ్వాలనుకుంటే పిల్లల వైద్యుణ్ని అడిగి, వయసుకూ బరువుకూ తగినది తీసుకుని, సెలవు రోజున ఇంట్లో ఒకసారి వేసి చూడండి. ఈ మందులు చాలామందికి మత్తునిస్తాయి, కొందరు పిల్లలను తద్విరుద్ధంగా చిరాకు పెడతాయి. వాంతి వస్తే సంచీ గాని చిన్న బకెట్టు గాని ఇవ్వండి; పడవ అంచు మీదుగా వంగి కక్కమని పిల్లలకు ఎప్పుడూ చెప్పకండి. ఒకటికి రెండుసార్లు అయితే గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగిస్తూ వెనక్కి మళ్లడమే.

ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. నీటి మీద అది పైనుంచే కాక కింద నుంచి కూడా తగులుతుందని, మబ్బు ఉన్నా తగులుతుందని మాత్రం గుర్తుంచుకోండి. పొడుగు చేతుల చొక్కా, గడ్డం కింద పట్టీ ఉన్న టోపీ, ఎస్‌పీఎఫ్ 30 గాని అంతకు మించినది గాని ఉన్న సన్‌స్క్రీన్‌ను రెండేసి గంటలకు మళ్లీ రాయడం, ఇంతే. తడిసిన పిల్లలకు మాత్రం ఎండ రోజున కూడా చలి పుడుతుంది. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, చిన్న ఒళ్లు పెద్ద ఒంటికన్నా త్వరగా చల్లబడుతుంది. పాపకు రెండు జతల పొడి బట్టలు, బాబుకు ఒకటి, తడవని సంచీలో పెట్టుకోండి. పడవలోని మరుగుదొడ్డిని ఎలా వాడాలో రేవులోనే ఇద్దరికీ చూపించి, బయలుదేరే ముందు ఒడ్డు మీద ఒకసారి వెళ్లి రమ్మనండి.

పిల్లలకు పడవ మీద విసుగు పుట్టేది చేయడానికి ఏమీ లేనప్పుడే. బాబుకు నిజమైన పని ఇవ్వండి. ప్రతి పడవ మీదా ఎల్లవేళలా చుట్టూ చూస్తూ ఉండాలని అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లో ఐదో నియమం చెబుతుంది. ఆ చూసే పని వాడిది. ఏ వైపు ఏ పడవ కనిపించినా తండ్రికి చెప్పాలి, తెరచాపకు కట్టిన సన్నటి ఊలు పోగులు వెనక్కి తిన్నగా ఎగురుతున్నాయా, వేలాడుతున్నాయా చూసి చెప్పాలి. పోగులు తిన్నగా ఉంటే తెరచాపకు గాలి సరిగా పట్టిందని అర్థం. ఆ సంబంధం ఒకసారి పట్టుబడితే పిల్లవాడి ముఖం చూడాలి! పాపకు తాడు ముక్క ఒకటిచ్చి ముడులు వేయమంటే చాలా సేపు గడుస్తుంది. లంగరు వేసి ఉన్నప్పుడు బకెట్టుతో నీళ్లు తోడుకోవచ్చు. పడవ కదులుతున్నప్పుడు వద్దు, నీటి వేగం బకెట్టును పట్టుకున్న పిల్లను కూడా లాగేస్తుంది.

ఎవరైనా నీళ్లలో పడితే ఏం చేయాలన్నది బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి. గట్టిగా కేక వేయాలి, తేలే వస్తువు విసరాలి, ఒకరు ఆ మనిషి వైపు చేయి చాచి కళ్లు తిప్పకుండా చూస్తూనే ఉండాలి. అలల మధ్య ఒక తల క్షణాల్లో కనుమరుగవుతుంది. పాప పడితే వెనకే దూకాలనిపిస్తుంది. మీరు దూకకూడదు, మీవారు అసలే దూకకూడదు. పడవను వెనక్కి తిప్పగలిగింది వారొక్కరే. వారు ఒక టోపీని నీళ్లలో వేసి తిరిగి వెళ్లి తీసుకురావడాన్ని పిల్లలు లేని ఆ పూట మీ ముందు చేసి చూపించాలి.

పడిపోయింది వారే అయితే? దీనికోసం మీరు కొద్దిపాటి పని నేర్చుకోక తప్పదు, ఒక గంటలో వస్తుంది. తెరచాపల తాళ్లను పూర్తిగా వదిలేస్తే అవి జెండాల్లా రెపరెపలాడతాయి, పడవ వేగం తగ్గి దాదాపు ఆగుతుంది. ఏం చేయాలో తెలియని ప్రతి సందర్భంలోనూ మొదట చేయవలసింది అదే. తర్వాత, నీళ్లలో తాళ్లు వేలాడటం లేదని చూసుకుని ఇంజన్ వేయడం, పడిన మనిషి దగ్గరికి రాగానే దాన్ని న్యూట్రల్‌లో పెట్టడం. ఆ తర్వాత వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్‌లో సాయం కోరడం. మూత కింద ఎర్ర బటన్ ఉన్న రేడియో అయితే దాన్ని నొక్కి పట్టుకుంటే ఆపద సంకేతం వెళుతుంది. ఆ బటన్‌ను బాబుకు కూడా చూపించండి, ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఆ బాధ్యతను ఎంతో శ్రద్ధగా తీసుకుంటాడు. ఎక్కడికి వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో, రాకపోతే ఎవరికి కబురు చేయాలో ఒడ్డు మీద ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి.

రేవుకు తిరిగి చేరేటప్పుడు పిల్లలు కూర్చున్న చోటే కూర్చోవాలి. పడవ గోడకు తగలబోతుంటే చేత్తోనో కాలితోనో ఆపాలని అందరికీ అనిపిస్తుంది, టన్నుల బరువున్న పడవ ఆగదు, ఎముక విరుగుతుంది. రబ్బరు దిండ్లు ఉన్నది అందుకే.

చివరగా, పిరికితనమన్న మాట. మీ ఉత్తరంలో మీరు లేవనెత్తినవన్నీ, దూరం, బాబు వాంతులు, పాప కుదురులేనితనం, మీకు పని తెలియకపోవడం, మంచి నావికుడు ప్రయాణానికి ముందు తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలే. మీవారితో ఆ మాటే చెప్పండి, దీవి వద్దని కాక మొదటి ప్రయాణం రెండు గంటలదిగా చేద్దామని అడగండి. దాంతో పాటు ఒక ఒప్పందం కూడా చేసుకోండి: పడవ మీద పెద్దవాళ్లిద్దరిలో ఎవరు "వెనక్కి పోదాం" అన్నా, కారణం అడగకుండా, వాదన లేకుండా పడవ మళ్లాలి, వాదన ఏదైనా ఉంటే ఒడ్డు మీద చేసుకోవచ్చు. ఇదంతా పడవకు డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి, కట్టేటప్పుడు గాలి బాగులేకపోతే తేదీ మార్చుకునే వీలుందో లేదో, పిల్లల బరువుకు తగిన జాకెట్లు ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. తేదీ మార్చడానికి వీల్లేదంటే మరో చోట పడవ చూసుకోండి. డబ్బు పోతుందన్న బెంగతో, నురుగు కక్కే సముద్రం మీదికి పిల్లలతో బయలుదేరే పరిస్థితి మీకు రాకూడదు.